కాటా తేల్చిన ఆకలి

ఆకలికి బొమ్మ గీసినవాళ్లంతా దాన్ని ఎముకల గూడుగానే గీశారు. బొగ్గు ఆదా అవుతుందని కాబోలు. ఊళ్లు పట్టుకు తిరిగిన నాకు మాత్రం ఆకలి నిండు బస్తాలా బలిసి, ఆయాసపడుతూ, బిస్కెట్ల ఫ్యాక్టరీలో నేల కడుగుతూ కనబడింది. అక్కడ ఆవిడను అందరూ డ్రమ్ము అనేవారు. అలా పిలిస్తే పలికేది కూడా.

ఆ ఫ్యాక్టరీలో ఒక మర్యాద ఉంది. విరిగిన బిస్కెట్లు పనివాళ్లవి. సాయంత్రం సంచీ నింపుకుని ఇంటికి పోవచ్చు. జీతం పెంచమని అడిగినప్పుడల్లా యజమాని సంచీ పెంచేవాడు. అద్దె కట్టాక ఆవిడ కూరగాయల అంగడికి వెళ్లేది, చూసి వచ్చేది. ఇంట్లో పొద్దున టీలో బిస్కెట్లు, మధ్యాహ్నం నీళ్లలో నానబెట్టిన బిస్కెట్లు, రాత్రికి సంచీ అడుగున మిగిలిన పొడి. ఆకలి రుచెరగదంటారు పెద్దలు. ఆ ఇంటి ఆకలికి ఒక్క రుచి మాత్రం బాగా తెలుసు, తీపి.

భర్త పోయాక ఆవిడకు మిగిలింది అత్త ఒక్కతే. ఒకే సంచీ తిండి తిని అత్త పుల్లలా ఎండింది, కోడలు ఊరింది.

"నా ఒళ్లు కూడా నువ్వే చేస్తున్నావే," అనేది అత్త.

"తీసేసుకో అత్తయ్యా, మోయలేక చస్తున్నా," అనేది కోడలు.

ఆ మాట వేళాకోళం కాదు. మోకాళ్లు వాచాయి, మెట్లెక్కితే కళ్లు తిరిగాయి. ధర్మాసుపత్రి డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూసి, ఒంట్లో రక్తం లేదన్నాడు. పప్పు, గుడ్డు, ఆకుకూర తినమన్నాడు. లేకపోతే కొన్నాళ్లకు నిలబడలేవన్నాడు. నిలబడలేని మనిషికి నేల కడిగే పని ఎవరిస్తారు? అందుకని ఆవిడ ఉచిత భోజనం పెట్టే సంఘం గడప తొక్కింది.

సంఘం వాళ్లు పద్ధతైన మనుషులు. నిజమైన ఆకలేదో తేల్చడానికి గుమ్మంలో కాటా పెట్టారు. ముల్లు ఎర్రగీత దాటితే మనిషి గుమ్మం దాటకూడదు. బెల్లం తూచడం చూశాను, పాత ఇనుము తూచడం చూశాను. దయను తూచి పంచడం అక్కడే చూశాను.

డ్రమ్ము ఎక్కగానే ముల్లు అటు చివరికి పోయి కొట్టుకుంది.

"ఇది ఆకలిగా ఉన్నవాళ్లకమ్మా," అంది అధ్యక్షురాలు.

"నాకూ ఆకలేనండీ."

"కాస్త నోరు కట్టుకో. రోజూ నడువు."

పొద్దస్తమానం చీపురు వెంట నడిచే మనిషి "అలాగేనండీ" అంది. ఉత్త చేతులతో పంపడం బాగుండదని ఆవిడ చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్ పెట్టారు. ఫ్యాక్టరీ యజమాని సంఘానికి పెద్ద దాత మరి.

మర్నాడు అత్తను వెంటబెట్టుకు వచ్చింది.

"నువ్వెక్కు అత్తయ్యా. నీకు పెడతారు."

"మరి నీకో?"

"మూట కట్టిస్తారేమో, ఇంటికి తెచ్చుకుందాం."

ముసలమ్మ ఎక్కితే ముల్లు కదలడానికి బద్ధకించింది. సంఘం వాళ్ల మొహాలు విప్పారాయి. అచ్చం బొమ్మలో ఆకలే. వెంటనే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మూట మాత్రం కట్టరట. లావుపాటి చుట్టాలు కాజేస్తారట. అక్కడే తినాలి. కోడలిని గోడ పక్కన నిలబడనిచ్చారు, అదీ దయతోనే.

కంచం వచ్చింది. పప్పు, ఆకుకూర, ఉడికిన గుడ్డు.

"మీ అత్తగారిని చూసి నేర్చుకో. ఒళ్లు ఎంత అదుపులో పెట్టుకున్నారో," అంది అధ్యక్షురాలు.

అత్త ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి ఆపింది.

"ఇటు రావే."

"వద్దత్తయ్యా, చూస్తున్నారు."

"చూడనీ. వాళ్లకదే కదా పని. నోరు తెరు."

తెరిచింది. మొదటి ముద్ద నమలకుండానే గొంతు దిగింది. రెండోదీ అంతే. గుడ్డు అందిస్తే అత్త వేళ్లు కూడా పళ్ల కింద పడ్డాయి.

"అమ్మా, అది మీకు పెట్టింది," అంది అధ్యక్షురాలు.

"నాకు పెట్టింది నేనెవరికి పెట్టుకుంటే మీకేం తల్లీ? ఇది నా వేళ్లు కొరుక్కు తింటోంది. కనబడటం లేదూ?"

సంఘం అప్పటికప్పుడు ఒక మూల గుమిగూడి తీర్మానం చేసింది, రేపటినుంచి ఇద్దరూ రానక్కర్లేదని. ఆ మాట చెప్పడానికి అధ్యక్షురాలు వచ్చేసరికి కంచం ఖాళీ. అత్త కంచం అంచు వేలితో తుడిచి, ఆ వేలు కూడా కోడలి నోటికే అందించింది.