అత్త గదిలో వెలుతురు ఎంత?

మా మేనత్త పోయిందని ఆళ్లగడ్డ నుంచి మామ ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాలలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. "మీ అత్త పోయిందమ్మీ. పొద్దున లేపితే లేయలే" అన్నాడు. తర్వాత, "ఆ గదిలో లైట్లు ఎలుగుతాండాయి. ఆపల్లా, వద్దా?" అని అడిగాడు. నేను ఆళ్లగడ్డ బస్సెక్కాను.

వాళ్ల ఇల్లు మామ కిరాణా అంగడి వెనకే. చుట్టూ గోడలు, ఎండ పడదు. పడినా అత్తకు పనికిరాదు. ఎండ తగిలితే ఒళ్లంతా దద్దుర్లు లేచి జ్వరం వచ్చే జబ్బు ఆమెది. డాక్టరు బయట తిరగవద్దన్నాక, వెనక గదిలో మొక్కలకు పెట్టే లైట్లు వేలాడదీయించి టమాటా నారు, మిరప మొక్కలు, మల్లె పెంచడం మొదలుపెట్టింది. నారు ఎదగగానే అడిగినవాళ్లకల్లా ఇచ్చేసేది. "తీసకపోయి ఎండలో పెట్టుకోండి" అనేది. ఎండ మీద ఆమెకున్నది కోపమో ప్రేమో, మీకేమైనా తెలుస్తుందేమో, నాకైతే తెలియలేదు.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఆ గదిలోకి వెళ్లేది. ఒక లైటును గొలుసు పట్టి పైకి లాగి వెలుగు తగ్గించేది, ఇంకోదాన్ని దించి పెంచేది. నేను వెళ్లినప్పుడు ఒకసారి, "తగ్గించు మే. కండ్లు తెరవని పిల్లలకు ఇంత ఎలుగేంది?" అంది. మరోసారి, "పెంచు. కడుపు నిండకుంటే యాడ పూస్తాది?" అంది. రెంటిలో ఏది నిజమో తేలక నవ్వి ఊరుకున్నాను.

కర్మలు అయ్యాక మామా నేనూ ఆ గదిలో నిలబడ్డాం.

"పెంచల్ల అనేది" అన్నాడు మామ.

"నాతో తగ్గించమని కూడా అనింది మామా."

వాదించుకోలేక అన్ని లైట్లూ కిందికి దించి నిండుగా పెట్టాం. నేను నంద్యాలకు తిరిగొచ్చిన కొద్ది రోజులకే మామ ఫోను. "మొలకల ఆకులు తెల్లబోయినాయి. మల్లె మాత్రం బాగుండాది." వెంటనే వెళ్లి అన్నిటికీ తగ్గించాను. ఈసారి మిరప కాడలు దారాల్లా సాగాయి, మల్లె మొగ్గలు రాలాయి. అప్పుడుగానీ నాకు తట్టలేదు, ఆమె రెండు మాటలూ వేరే వేరే మొక్కల గురించని. మొలకల మీది లైటు ఎత్తి మసకగా పెట్టాం. ఆకులేసిన మిరపకు కొంచెం దించాం. మొగ్గతొడిగే మల్లెకు నిండుగా ఇచ్చాం. అయినా ఒక ట్రే టమాటా నారు దక్కలేదు. మేం ఆలస్యం చేసినందుకా, ఆమె చెయ్యి లేనందుకా, ఇప్పటికీ తెలియడం లేదు.

మొన్న వెళ్లేసరికి మల్లె పూసి ఉంది. ఆమె ఉండగా ఆ గదిలో ఏనాడూ అడుగుపెట్టని మామ, స్టూలు మీద కూర్చుని కొత్త మొలకల పైన, లైటు కింద, చెయ్యి బోర్లించి పట్టుకున్నాడు.

"చేతికి ఏడి తగిలితే మొలకలకు ఎక్కువైనట్ల" అన్నాడు.

"అత్త చెప్పిందా?"

"చెప్పలే. గడప కాడ నిలబడి చూస్తాంటి."

అంగట్లో ఎవరో పిలుస్తున్నారు. ఆయన చెయ్యి తీయలేదు.