నున్నటి దిక్కు

వదిన పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను కరీంనగర్‌లో కళ్ల డాక్టర్ దగ్గర కూర్చుని ఉన్నాను. కళ్లలో చుక్కలు వేసి మూసుకొమ్మన్నారు. "కాకా, అవ్వ పోయింది" అన్నది వదిన బిడ్డ. కళ్లు తెరవొద్దని నర్సు అరుస్తోంది. తెరవలేదు. దుఃఖం కన్నా ముందు నాకు కోపం వచ్చింది. ఇక మా పెద్దన్న నోరు తెరుస్తాడు, ఎదురు చెప్పే మనిషి లేదు అనిపించింది.

అనుకున్నట్టే తెరిచాడు. ఆదిలాబాద్‌లో పదో రోజున మైకు పట్టుకుని, "మా తమ్ముడు పోయినంక మరదలిని చెయ్యి పట్టి లేతు మిషన్ మీద నిలబెట్టింది నేనే. ఇగ షాపు బాధ్యత గూడ నాదే" అన్నాడు. ఆమె చేతి మంచినీళ్లు ఒక్కనాడూ తాగని మనిషి, చెయ్యి పట్టి నేర్పాడట! అందుకే ఇది రాస్తున్నాను. చావు గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలని నాకూ తెలుసు. ఈసారి కుదరదు.

మాది ఇనుము పని చేసే ఇల్లు. ముగ్గురు అన్నదమ్ములం, నేను చిన్నవాణ్ణి. నడిపన్న ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగ్ మిల్లుల పక్కన, ఇనుమును తిప్పి చెక్కే లేతు షాపు పెట్టుకున్నాడు. ఆయన ఇష్టపడి చేసుకున్న వదినది హుస్నాబాద్ దగ్గర పల్లె. ఆమె బాపు మోటబొక్కెనలకు తోలు కుట్టేవాడు. "తోలు పని ఇంటి పిల్లా?" అని పెద్దన్న పెళ్లికే రాలేదు. ఆయన ఇంట్లో అద్దాల బీరువా నిండా సమానత్వం మీద పుస్తకాలున్నాయి. వాటిని చదివింది నేను. ఆయన మాత్రం దుమ్ము బాగా దులుపుతాడు.

వదిన మెతక మనిషి కాదు. తప్పు కొలత తెచ్చినవాణ్ణి "కండ్లు ఇంట్ల పెట్టి వచ్చినవా?" అనేది. మిల్లు నుంచి వచ్చే మరాఠీ డ్రైవర్లు పని తొందరగా కావాలని "వహినీ, వహినీ" అని తమ భాషలో వదినా అంటూ చుట్టూ తిరిగేవాళ్లు. "గా వహినీ జర పక్కకు పెట్టు, ముందుగాల చాయ్ తాపు" అనేది. నన్నూ వదల్లేదు. "గిన్ని పుస్తకాలు సదువుతవు గద మరిదీ, అండ్ల ఒక్కటన్న నవ్వొచ్చేది లేదా?" అని అడిగింది ఒకసారి. లేదని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు.

నడిపన్న గుండె ఆగి పోయిన ఏడాది సంగతి చెప్పాలి. పత్తి సీజన్ అప్పుడే మొదలైంది. షాపు తాళంచెవి పెద్దన్న జేబులోకి ఎట్లా చేరిందో ఎవరూ అడగలేదు. మిల్లు వాళ్లు అరిగిపోయిన షాఫ్టు, ఇనుప ఇరుసు ఒకటి పంపారు. నేను పక్కన నిలబడి చూస్తుంటే పెద్దన్న దాన్ని మిషన్‌కు ఎక్కించాడు. అది బొగ్గుబావుల దిక్కు నుంచి నడిపన్న కొని తెచ్చిన పాత లేతు. మోటారు తిరుగుడును మిషన్‌కు అందించే తోలు బెల్టు ఉంటుంది, దాన్ని మా దిక్కు షాపుల్లో పట్టా అంటారు. పనిముట్టు ఇనుముకు తాకగానే ఆ పట్టా కీచుమని జారింది. మోటారు తిరుగుతూనే ఉంది, మిషన్ ఆగిపోయింది.

పెద్దన్న పట్టా మీద గుగ్గిలం పొడి చల్లాడు. కాసేపు పట్టుకుంది, తర్వాత కాలిన వాసనతో మళ్లీ జారింది. పట్టాను విప్పి, గరుకు దిక్కు పుల్లీ చక్రానికి తగిలేటట్టు తిప్పి వేశాడు. ఇంకా జారింది. బిగించాడు. బేరింగు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. చివరికి మిషన్‌ను కాలితో తన్నాడు.

"దీని పని ఖతం. తుక్కుకు ఏద్దాం. జాగ ఉంటది గద, మడిగెలు కట్టి కిరాయికిద్దాం" అన్నాడు. కిరాయి దుకాణాలు, అదీ ఆయన మనసులో ఉన్నది.

వదిన గడప దగ్గర నిలబడి ఉంది. లోపలికి వచ్చి, "బావా, జర జరుగు. పట్టా సంగతి నేను చూస్తా" అన్నది.

పెద్దన్న ముఖం ఎర్రబడింది. "ఏం చూస్తవ్? పట్టా మా బాపు పేరు మీదున్నది. నీకేం హక్కున్నదని చూస్తవ్?"

వదిన ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. "నేను భూమి పట్టా అంటలేను బావా. గీ తోలు పట్టా అంటున్న" అన్నది. షాఫ్టు తెచ్చిన డ్రైవరు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఆమె పట్టాను దించింది. కిరోసిన్ గుడ్డతో గుగ్గిలమంతా తుడిచింది. నల్లగా గాజులా పేరుకున్న పొరను రంపం బ్లేడు వీపుతో గీకింది. సాగిన మేర కోసి, చెప్పులు కుట్టే ఆరెతో రంధ్రాలు పొడిచి, సన్నటి తోలుతాడుతో రెండు కొసలనూ కుట్టింది. నున్నటి దిక్కును పుల్లీకి ఆనించి ఎక్కించింది.

"నున్నది జారదా?" అన్నాను నేను.

"నున్నది దగ్గరికి పోయి అతుక్కుంటది మరిదీ. గరుకుది లావు మాటలు చెప్తది గని పట్టుకోదు" అన్నది, ఎవరి దిక్కూ చూడకుండా.

పట్టా జారలేదు. నడిపన్న పక్కన ఏళ్ల తరబడి పని చేసిన మనిషి, షాఫ్టును తానే చెక్కి సాఫు చేసింది. తీసుకుపోవడానికి మిల్లు మేస్త్రీ వచ్చి ఎవరు చేశారని అడిగితే పెద్దన్న "నేనే" అన్నాడు.

"అవును, తిట్టుడంత బావనే తిట్టిండు" అన్నది వదిన. మేస్త్రీకి అర్థమైంది. ఆ తర్వాత మిల్లు పని ఆమె పేరు అడుగుతూనే వచ్చింది. మడిగెల మాట అప్పటికి ఆగింది.

అదే మాట బాధ్యత పేరుతో మళ్లీ పదో రోజున మైకులో లేచింది. ఇప్పుడు ఆ షాపు నడుపుతున్నది వదిన బిడ్డ. అది పోతే ఆమెకు వేరే బతుకు లేదు. నేను లేచి నిలబడ్డాను.

"అన్నా, నేర్పింది నువ్వే అంటున్నవు. పట్టా ఏ దిక్కు పుల్లీకి ఆనాలె?"

"గరుకు దిక్కు. గంత తెల్వదా?" అన్నాడు, మైకులోనే.

భోజనాల బంతిలో కూర్చున్న మెకానిక్‌లు తినడం ఆపారు. వాళ్లలో ఒక ముసలాయన "షాపుల తిరిగే పట్టాను చూసి రాపోండ్రి పటేలా" అన్నాడు. ఎవరూ గట్టిగా నవ్వలేదు. అది నవ్వు కన్నా ఘోరంగా తగిలింది. వదిన బిడ్డ వచ్చి మైకు తీసుకుని, "పెదబాపూ, రేపు పొద్దుగాల నేను షాపు తెరుస్తున్న" అన్నది. ఆయన కండువా దులుపుకుని లేచి పోయాడు. మా అన్నతో నాకున్న సంబంధం కూడా ఆ రోజుతో అయిపోయింది. బాధగా లేదు.

జనం పోయాక విస్తర్లు తీస్తూ ఆ పిల్ల ఒక మాట చెప్పింది. వదినకు చివరి స్నానం పోసేటప్పుడు పెద్దన్న భార్య పసుపు గిన్నె పక్కకు జరిపిందట, ముత్తయిదువ కాదు కదా అని. "నేను గిన్నె గుంజుకున్న కాకా. రెండు చేతులకూ నేనే రాసిన" అన్నది. కడిగితే అంతా పోయిందట. తోలుతాడు గుంజీ గుంజీ అరచేతి అంచున పడ్డ గాడిలో మాత్రం పసుపు నిలిచిపోయి, సన్నటి గీతలా కనిపించిందట, చితి మీద పెట్టేదాకా.