ఒకే నంబరు మీద రెండు ఆవుల పాలు

మా ఊరు పెనుకొండ నుంచి హిందూపురం పోయే దారిలో, బస్సు దిగి కొంత లోపలికి నడవాల్సిన చోట ఉంది. వానను నమ్ముకుని చెనిక్కాయ వేసిన వాళ్లంతా ఏటా దెబ్బ తిని, చివరికి ఒక్కొక్కరుగా ఆవుల మీద పడ్డారు. మా ఇంట్లో రెండు జెర్సీ ఆవులుండేవి. ఒకటి నాది, ఒకటి అక్కది. అక్క అంటే మా ఆయన అన్న భార్య. ఒకే ప్రహరీ లోపల మావి రెండు కాపురాలు, రెండు పొయ్యిలు. ఆవుల కొట్టం మాత్రం ఒక్కటే.

ఊళ్లో పాలసెంటరు తెరిచిన కొత్తలో కంపెనీ నుంచి ఒక సారు వచ్చి, ఆడవాళ్లందరినీ బడి వరండాలో కూర్చోబెట్టి మాట్లాడాడు. ఇది ప్రైవేటు డెయిరీ కాదని, పాలు పోసేవాళ్లదే కంపెనీ అని, మీరే ఓనర్లని చెప్పాడు. ఓనరు కావాలంటే షేరు కొనాలి, కొన్నవాళ్లకు ఒక నంబరు ఇస్తారు, పాల లెక్కంతా దాని మీదే. కొని ఊరుకుంటే చాలదు, ఏడాదిలో ఎక్కువ రోజులు పాలు పోయాలి. రోజులు తగ్గితే ఓటు పోతుంది, బోనసు పోతుంది. ఆ తర్వాత షేరూ పోతుంది.

అక్క లేచి అడిగింది. "సార్, ఆవు వట్టిపోయిన నెలల్లో మేమేం పోయాల? నీళ్లా?"

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు. "అందుకే రెండు మూడు ఆవులు పెట్టుకోండమ్మా" అన్నాడు, ఇంకో జత చెప్పులు కొనుక్కోండి అన్నంత తేలిగ్గా.

ఆ సాయంత్రం కొట్టంలో పేడ ఎత్తుతూ అక్కే ఆ ఆలోచన చెప్పింది. "నీది ఉగాది దగ్గర ఈనుతాది. నాది దసరాకు ఈనుతాది. ఇద్దరివీ ఒకే నంబరు మీద పోస్తే యాడాదంతా పాలు ఆగవు గదమ్మే?"

నాకూ బాగుందనిపించింది. ఇద్దరం కలిసి షేరు కొన్నాం. పేరు మాత్రం ఆమెది పెట్టాం. ఆమె పెద్దది, అది మొదటి కారణం. రెండోది, నా బ్యాంకు ఖాతా ఇంకా ఓబులదేవరచెరువు పక్కన మా పుట్టింటి ఊరి మీదే ఉండేది, ఆధార్‌లో ఊరు కూడా అదే. మార్పించుకోవాలంటే తిరగాలి. తిరిగే ఓపిక ఆ రోజుల్లో నాకు లేదు, చంటిపిల్ల చంకలో ఉంది. సెంటరాయనకు విషయం తెలుసు. "ఎవురి పేరైతే నాకేమమ్మా, పాలు చిక్కగా ఉంటే చాలు" అన్నాడు.

ఆ కొన్నేళ్లు మేమిద్దరం బతికినట్టు ఆ ఊళ్లో అక్కాచెల్లెళ్లు కూడా బతకలేదని గట్టిగా చెప్పగలను. బిల్లు వచ్చిన రోజు ఆమె వంటింట్లో కూర్చుని చెరిసగం పంచుకునేవాళ్లం. ఎవరి ఆవు ఎక్కువిచ్చింది, ఎవరిది తక్కువిచ్చింది అనే మాట ఎప్పుడూ రాలేదు. నాకు రెండో కాన్పయినప్పుడు నా ఆవును కూడా ఆమే పితికింది. అది కొత్త చేతికి సేపేది కాదు, పొదుగులోకి పాలు వదిలేది కాదు, కాలు విసిరేది. అక్క నా పాత చీర ఒకటి తీసుకుని ఒంటికి చుట్టుకుని దాని పక్కన కూర్చుంది. ఆ వాసనకు అది నేనే అనుకుని సేపింది. "నీ ఆవు నాకంటే నీ చీరకే ఎక్కువ మర్యాద ఇస్తాది" అని ఆమె గుమ్మం దగ్గర నిలబడి చెప్పిన తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది.

పాలు పెరిగేకొద్దీ కంపెనీ ఇంకో నియమం తెచ్చింది. పోసే పాలకు తగ్గట్టు షేర్లు కూడా పెరగాలట. అందుకు బిల్లులోంచే పట్టుకునేవాళ్లు. నా ఆవు పాలలో పట్టిన దానికీ ఆమె పేరు మీదే షేరు పడేది. చేతికి వచ్చేది సగం సగం పంచుకుంటున్నాం, రానిది ఎవరి పేరు మీద ఉంటే ఏం అనుకున్నాం.

తర్వాత అక్కను మా ఊరి ప్రతినిధిగా పెట్టుకున్నారు. ఆగకుండా పాలు పోసే నంబరు మాదే కాబట్టి, నలుగురిలో లేచి మాట్లాడేది కూడా ఆమే కాబట్టి. కంపెనీ వాళ్లు ఒక చీర ఇచ్చారు, ప్రతినిధులందరికీ ఒకే రంగు. ఆ చీర కట్టుకుని ఆమె హిందూపురం మీటింగులకు పోయి వచ్చేది. మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది. వచ్చిన ప్రతిసారీ సార్లు ఏం తిన్నారో, ఎట్లా కూర్చున్నారో చేసి చూపించి నవ్వించేది. మెల్లగా ఆ నవ్వించడం తగ్గింది. "సారు చెప్పినాడు" అనే మాట ఎక్కువైంది. దాణా ఏది పెట్టాలో, ఏ డాక్టరును పిలవాలో అన్నీ సారు చెప్పినవే. నేను కాదంటే, "నీకు తెల్దులేమ్మే, నువ్వు మీటింగుకు రాలేదు గదా" అనేది.

ఆ ఏడాది నేనూ పోయాను. కంపెనీ పెద్ద మీటింగు, హిందూపురంలో ఒక కల్యాణ మండపంలో. ఊరికో బస్సు పంపారు. బస్సు నిండాలి కాబట్టి షేరు ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని చూడలేదు. మండపంలో మాత్రం చూశారు. షేరున్న వాళ్లు ముందు, మిగతా వాళ్లు వెనక. వెనక మమ్మల్ని కూర్చోబెట్టిన కుర్రాడు ఒక మాట చెప్పాడు. "మీరు చేతులెత్తకూడదమ్మా. చప్పట్లు కొట్టచ్చు."

అక్క ముందు వరసలో ఉంది. వేదిక మీద ఒకాయన కాగితం చూసి తీర్మానాలు చదివాడు. ఆయన చదివేది పుస్తకాల తెలుగు, సగం ఎవరికీ ఎక్కలేదు. చదివాక, "సమ్మతమైన వాళ్లు చేతులెత్తండి" అనేవాడు, చేతులు లేచేవి. మూడోదో నాలుగోదో నాకు బాగా అర్థమైంది. ఇక మీద ఒక నంబరు మీద ఒక్క ఇంటి పశువుల పాలే పోయాలి. ఆవు చెవికి వేసిన బిళ్ల ఎవరి పేరు మీద ఉంటే, పాలు వాళ్లవే. వేరే వాళ్ల పాలు కలిపి పోస్తే నంబరు రద్దు.

నా ఆవు చెవి బిళ్ల నా పేరు మీద ఉంది.

నేను అక్క వైపే చూస్తున్నాను. ఆమె లేస్తుంది, బడి వరండాలో అడిగినట్టు ఏదో ఒకటి అడుగుతుంది అనుకున్నాను. ఆమె చుట్టూ చేతులు లేచాయి. ఆమె చేయి కొంచెం ఆలస్యంగా లేచింది. కానీ లేచింది. ఫోటో తీసేవాడు అటు తిరిగేదాకా అట్లాగే ఉంది.

బస్సులో ఆమె పక్కనే కూర్చున్నాను. బస్సు సోమందేపల్లి దాటింది. ఆ తర్వాత నేనే అడిగాను.

"చెయ్యి ఎత్తితివి గదక్కా."

"అందరూ ఎత్తినారు."

"నా ఆవు మాట నీకు గుర్తుకు రాలేదా?"

ఆమె అబద్ధం చెప్పి ఉండవచ్చు. రాలేదు అంటే నేను నమ్మేదాన్ని, నమ్మాలనే అడిగాను. "వచ్చింది" అంది. "వచ్చినంక గూడా ఎత్తినా. ఆడ ముందర కూచోబెట్టినారు. సార్లంతా నా మొగమే చూస్తాండారు. దించుకోని కూచునేకి నాకు చేతకాలేదమ్మే."

"లేచి ఒక మాట అడగేకన్నా చేతకాలేదా?"

కిటికీ వైపు తిరిగింది.

సెంటరాయన నెల తిరగకముందే నా క్యాను పక్కన పెట్టాడు. "నన్ను తిట్టొద్దమ్మా, పైనుంచి ఆర్డరొచ్చింది. నువ్వు సొంతంగా షేరు తీసుకో" అన్నాడు. ఖాతా, ఆధార్ అన్నీ అప్పుడు ఈ ఊరి మీదికి మార్పించుకున్నాను. హిందూపురం ఆఫీసుకు పోయాను. బల్ల వెనక కూర్చున్న ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"ఒక్క ఆవుతో రోజులు నిండవమ్మా. ఇంకొకటి కొనుక్కుని రా, షేరు ఇస్తాం."

"ఇన్నేండ్లు నా పాలల్లో పట్టుకున్న షేర్లు మా అక్క పేరు మీద ఉండాయి సార్. వాటిల్లో సగం నావి."

"అట్లా సగం చేసేకి రాదు. ఆమె బతికున్నంత వరకూ ఆమెవే. ఆమె తర్వాత ఆమె రాసిచ్చిన వారసులకు పోతాయి."

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నాడు. అక్క చావు గురించి నేను అడగడానికి వచ్చినట్టు అనిపించి, కుర్చీలోంచి లేచి వచ్చేశాను. మీరే ఓనర్లని చెప్పిన సారు ఫోటో మెట్ల దగ్గర గోడకు ఉంది, ఎవరో ఆడమనిషికి దండ వేస్తున్నాడు.

వారం తర్వాత బావ మా ఇంటికి వచ్చి మా ఆయనతో మాట్లాడాడు. నా ఆవును వాళ్లకే అమ్మేస్తే బిళ్ల వాళ్ల పేరు మీదికి మారుతుంది, రెండు ఆవులూ వాళ్లవే అవుతాయి, నంబరుకు ఏ ఇబ్బందీ రాదు. ధర బాగానే ఇస్తామన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను వంటింట్లోంచే గట్టిగా చెప్పాను, కొట్టంలో ఉన్న అక్కకు వినపడాలనే. "నా ఆవును మీరేం కొనొద్దు బావా. దాంతో పాటు నన్ను గూడా కొనుక్కుంటారేమో అడగండి ఆమెను."

ఆ తర్వాత కొట్టం మధ్యలో మా ఆయన తడిక కట్టాడు. ఆవులకు ఆ తడిక అర్థం కాలేదు, మొదటి కొన్ని రోజులు రెండూ దాన్ని కొమ్ములతో నెట్టాయి.

మా ఆయనకు గూడ్సు ఆటో ఉంది. పెనుకొండ నుంచి ధర్మవరానికి సరుకు తోలుతాడు. అక్కడ మగ్గాల వీధి మొదట్లో ఒక టీ హోటలాయన పాలు తీసుకుంటానన్నాడు. వెన్న చూసే మిషను లేదు, వేలు ముంచి చూసి ధర చెప్తాడు. చలికాలంలో ఒక ధర, ఎండాకాలంలో ఒక ధర. పండగలకు మగ్గాలు ఆగిపోతే పాలు వద్దంటాడు, ఆ రోజు పాలన్నీ మేమే తోడు పెట్టుకోవాలి. ఆయన నన్ను ఓనరు అనలేదు, చేయి ఎత్తమనీ అడగలేదు. అదొక్కటే నాకు మిగిలిన సుఖం.

అక్క ఒక్క ఆవుతో ఎంతవరకు లాగగలదో నాకు తెలుసు. అది వట్టిపోయే నెలలు నాకు ఆమెతో సమానంగా తెలుసు. ఆ నెలలు వచ్చాయి. ఆమె ఇంకో ఆవును కొనాలని చూసింది, బావ ఒప్పుకోలేదు. ఏడాది చివర ఆమె రోజులు తక్కువ పడ్డాయి. ప్రతినిధిగా పక్క వీధి ఆమెను పెట్టారు, వాళ్లకు నాలుగు ఆవులు. మరుసటి ఏడాది బస్సు వచ్చింది, అక్కను పిలవలేదు. ఆమె మా ప్రహరీ గోడ పక్కన బట్టలు ఉతుకుతూ ఉంది. బస్సు హారన్ వినపడగానే చేయి ఆగింది. మళ్లీ ఉతికింది. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం తింటుంటే నోట్లో పంటి కింద రాయి పడ్డట్టు ఉంది, అయినా తిన్నాను.

ఆ ఏడూ రోజులు నిండక ఆమెను సభ్యుల్లోంచి తీసేశారు, ఆవు ఈనాక ఆమె పాలు సెంటరులో ఇదివరకటి ధరకు తీసుకోలేదు. సభ్యులకు ఒక ధర, మిగతా వాళ్లకు ఒక ధర. ఒక పొద్దున ఆమె తన క్యాను తెచ్చి మా ఆయన ఆటో దగ్గర పెట్టింది. నాతో కాదు, మరిదితోనే మాట్లాడింది. "ధర్మవరం హోటలాయన ఇంకొంచెం తీసుకుంటాడేమో అడుగబ్బా." హోటలాయన తీసుకున్నాడు. అప్పటి నుంచి రెండు క్యాన్లు ఒకే ఆటోలో పోతున్నాయి. ఆమె దుడ్లు ఆమెకు, నావి నాకు.

పోయిన వేసవిలో కంపెనీ నుంచి కొత్త మనిషి వచ్చాడు. పాలు బాగా తగ్గిపోయాయట. ఒక్క ఆవు ఉన్నవాళ్లు కూడా షేరు తీసుకోవచ్చు, రోజుల లెక్కలో కొంచెం సడలింపు ఉంటుంది అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. మజ్జిగ ఇచ్చి, ఆలోచిస్తానని చెప్పి పంపాను. అతను పోయాక అక్క వచ్చింది. చాలా కాలానికి మా గుమ్మం తొక్కింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మళ్ల చేరుదామా?" అంది. "ఈ తూరి నీ పేరు మీద పెట్టుకుందాం. నా ఆవు బిళ్ల గూడా నీ పేరుకే రాయించుకో. నాకు ఏమీ వద్దు."

ఆవును పేరు మార్చి ఇవ్వడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆమెకు ఉన్నది అదొక్కటే. క్షమించమని అడగడం ఆమెకు రాదు, తన దగ్గర ఉన్నది తెచ్చి నా ముందు పెట్టింది. ఆ క్షణంలో ఆమె చేయి పట్టుకుని ఉంటే సరిపోయేది. నా చేయి లేవలేదు.

"వద్దులేక్కా" అన్నాను. "ఇట్లే బాగుండాది."

"సరేలే" అంది. మా పాప కోసం కొంగులో తెచ్చిన నేరేడుపళ్లు అరుగు మీద పోసి వెళ్లిపోయింది. తడిక అవతల ఆమె దాణా కలిపే చప్పుడు వినపడుతూనే ఉంది. నేను లేచి నా ఆవును పితకడానికి కూర్చున్నాను. అది చాలాసేపు సేపలేదు.