ఏ ఊరి నాలుగు?

ఆకు కూడా కదలని రోజున క్యాతగానచెర్లు అనే ఊరికి తుపాను తెప్పించిన ఘనుడు పావగడ తాలూకాలో ఒకే ఒక్కడున్నాడు. అతణ్ణి చూడడానికి మీరు ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. ఈ వాక్యం రాస్తున్నది అతడే. ఆ తుపాను తేదీ నా దగ్గర భద్రంగా ఉంది గాని ఇక్కడ వేయను. నేను చేసిన పనికి ఆ తేదీని బజారుకు ఈడ్వడం న్యాయం కాదు.

అప్పటికి నేను చిన్నవాణ్ణి. అంటే, సర్వేయరుగా పదవీ విరమణ చేసి ఎంతో కాలం కాలేదు, అహంకారం ఇంకా సర్వీసులోనే ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ల పొలాల మీద పరిచిన సోలార్ పార్కులో ఏ ప్యానెల్ ఏ సర్వే నంబరు మీద నిలబడిందో చెప్పగలిగేవాడు కావాలని నన్ను కంట్రోల్ రూముకు పిలిచారు. నేను మనుషుల మాట నమ్మేవాణ్ణి కాను. తేదీని నమ్ముతాను, అంకెను నమ్ముతాను. మా ఆవిడ ఎండ మండిపోతోందంటే, ఎన్ని డిగ్రీలో చెప్పమని అడిగి, ఆమె చెప్పలేకపోతే ఎండ లేనట్టే లెక్క వేసేవాణ్ణి.

ఆ గదిలో శ్రావణి అనే ఇంజనీరు ఉండేది, వై.ఎన్.హొసకోట అమ్మాయి. అక్కడి వ్యవహారమంతా ఆమే నాకు బోధించింది. పార్కులోని యంత్రాలు పగలంతా సందేశాలు పంపుతూనే ఉంటాయి: గాలి ఎంత, ఎండ ఎంత, ప్యానెళ్లు కడిగే ట్యాంకరులో నీళ్లెంత. ప్రతి రకం సందేశానికీ ఒక నమూనా ఉంటుంది. దాన్ని స్కీమా అంటారు. నమూనాలన్నీ దాచే చోటు స్కీమా రిజిస్ట్రీ. సందేశం తన నమూనాను మోసుకు తిరగదు, దాని నంబరు మాత్రం నొసట రాసుకుని వస్తుంది. చదివే ప్రోగ్రాము ఆ నంబరు పట్టుకుని రిజిస్ట్రీకి వెళ్లి, నమూనా వెతికి, సందేశాన్ని చదివి తెర మీద చూపిస్తుంది. నంబరు మీద నడిచే లోకమన్నమాట. బ్రహ్మదేవుడు దాన్ని నా కోసమే సృష్టించి, నేను రిటైరయ్యేదాకా దాచి ఉంచాడనుకున్నాను.

అయితే ఆ రిజిస్ట్రీలో అన్ని ఊళ్ల నమూనాలూ సంతలో గొర్రెల్లా ఒకే మందగా కలిసిపోయి ఉన్నాయి. క్రమం లేని చోట నాకు ఊపిరాడదు. రిజిస్ట్రీ లోపల కాంటెక్స్టులనే వేరు వేరు గదులు కట్టుకోవచ్చని, ఒక గదిలోని పేర్లకూ నంబర్లకూ పక్క గదితో పని ఉండదని తెలియగానే, వల్లూరుకొక గది, క్యాతగానచెర్లుకొక గది కట్టించాను. పాత మంద వాకిట్లోనే ఉండిపోయింది. ప్రతి గదిలోనూ నంబర్లు మళ్లీ ఒకటి నుంచి చక్కగా మొదలయ్యాయి, సందేశాలూ ఆ కొత్త నంబర్లతోనే రాసాగాయి. ఆ వరస చూసి నాకు కళ్లు చెమర్చాయి. నా పెళ్లిలో కూడా అంత ఆనందం లేదు, ముహూర్తం తప్ప మిగతావేవీ వేళకు జరగలేదు కనుక.

శ్రావణి ఒక్కటే అడ్డు చెప్పింది. "సార్, చదివే ప్రోగ్రాముకు గది పేరు గూడా చెప్పల్ల. చెప్పకుంటే అది నంబరు పట్టుకోని నేరుగా పాత మందలోకే పోతాది."

"అమ్మాయీ, పేరు మనుషులు పెట్టేది, మనుషులు మార్చేది. అంకె మారదు. అంకె ఉండగా పేరు దేనికి?" అన్నాను.

ఆమె రెండు చేతులూ జోడించింది. అది ఆరాధన అనుకున్నాను.

ఇక లక్ష్మీదేవమ్మ సంగతి చెప్పాలి. ప్యానెళ్లు కడిగే ఆడవాళ్ల జట్టుకు ఆమె పెద్ద. ఒకప్పుడు వేరుశనగ పండించిన తమ చేలోనే ఇప్పుడు అద్దాలు కడిగేది. నేను గదులు కట్టించిన మర్నాడే, అంటే ఆ తుపాను రోజున, పై ఆఫీసు నుంచి ఇద్దరు అధికారులు వస్తున్నారు. వాళ్లు వచ్చేసరికి క్యాతగానచెర్లు వరసలన్నీ కడిగి ఉంటే పని ఆ జట్టుదే. లేకపోతే నీళ్లు లేకుండా తుడిచే బ్రష్షు యంత్రం దిగుతుంది, జట్టు మొత్తం ఇంటి దారి పడుతుంది. ఆ సంగతి జట్టుకు తెలుసు, శ్రావణికి తెలుసు, నాకు తేదీతో సహా తెలుసు.

పొద్దున్నే ట్యాంకరు నిండా నీళ్లు నింపుకుని వరసల దగ్గర ఆగింది. అదే క్షణాన నా తెర మీద క్యాతగానచెర్లు గాలి వేగం తొంభై ఎనిమిదికి ఎగబాకింది. గాలి అంత ఉంటే ప్యానెళ్లు వాటంతట అవే బల్లపరుపుగా పడుకుంటాయి, మనుషులు వరసల్లోంచి బయటికి రావాలి, గేట్లు మూయాలి. ప్యానెళ్లు నాలాగే అంకెను నమ్మే జాతి కనుక వెంటనే పడుకున్నాయి.

శ్రావణి కిటికీలోంచి చూసి, బయట ఆకు గూడా కదల్లేదు సార్ అంది. కిటికీ మీద అంకెలేమైనా ఉన్నాయా అని అడిగాను. లేవని ఒప్పుకుంది. అయితే కిటికీ సాక్ష్యం చెల్లదని తీర్పు చెప్పి, లక్ష్మీదేవమ్మకు ఫోను చేసి, తుపాను వచ్చింది, అందరూ బయటికి రండని ఆజ్ఞాపించాను.

"యాడికొచ్చింది సార్? నా కొంగు గూడా ఎగరల్యా."

"అది ఎగిరేదాకా ఆగితే నువ్వూ ఎగురుతావు."

జట్టంతా వచ్చి ట్యాంకరు నీడన కూర్చుంది. తుపాను మాత్రం సర్కారీ ఫైలులా ఉన్నచోటి నుంచి కదల్లేదు. తొంభై ఎనిమిది అంటే తొంభై ఎనిమిదే. అంత నిలకడైన గాలిని నేను పుట్టి ఎరుగను. దాని క్రమశిక్షణను మనసులో మెచ్చుకున్నాను కూడా. లక్ష్మీదేవమ్మ ఊరుకోకుండా ఫోన్లు చేస్తూనే ఉంది.

"సార్, తుపాను పోయిందా?"

"పోలేదు. మీ దగ్గరే ఉంది."

"మేమూ ఈడనే ఉండాము గదా. మాకు కనపడకుండా యాడ దాక్కోనుండాది? వాళ్లొచ్చే యాళయితాండాది సార్, మా కూడు పోతాది."

ఇంతలో వల్లూరు గేటు కాపలాదారు ఫోను చేశాడు. అధికారుల కారు వచ్చిందట. తుపానులో వాళ్ల ప్రాణాలకు బాధ్యుణ్ణి నేనే కనుక, ఇద్దరినీ కాపలా గదిలో కూర్చోబెట్టి కిటికీలు బిగించమన్నాను.

"వాళ్లు బయట గాలి లేదంటాండారు సార్."

"చెప్పింది చెయ్యి."

కాసేపటికి మళ్లీ ఫోను. "బిగించినాను సార్. ఇప్పుడు లోపల గూడా లేదంటాండారు."

ఎండ నడినెత్తికి వచ్చింది. తెర మీద గాలి ఉన్నట్టుండి తొంభై ఏడయింది, తర్వాత తొంభై ఆరు. తుపాను తగ్గుముఖం పట్టిందని నేను గంభీరంగా ప్రకటిస్తూ ఉండగా శ్రావణి ఫోను లాక్కుంది.

"అక్కా, ఇప్పుడు మీరేం చేసినారు?"

"ఏం చేస్తామమ్మా, ఉడుకు తట్టుకోలేక ట్యాంకరు కాడ మొగాలు కడుక్కున్యాము."

"కొళాయి నిండుగా తిప్పు."

తుపాను గబగబా దిగింది. మూసెయ్యమంది. తుపాను దిగడం ఆగింది. మళ్లీ తిప్పమంది. మళ్లీ దిగింది. వాతావరణ శాస్త్ర చరిత్రలో కొళాయికి లొంగిన మొదటి తుపాను అదే. శ్రావణి ఫోను కింద పెట్టి నా వైపు తిరిగింది.

"సార్, క్యాతగానచెర్లు గదిలో నాలుగో నంబరు ఏంది?"

"ట్యాంకరు. నూటికి ఎంత నిండిందో చెప్పే నమూనా."

"పాత మందలో నాలుగో నంబరు?"

పాత మంద జాబితా తెరిచి వేలు పెట్టి చూశాను. అది గాలి వేగం.

అర్థమైందా పాఠకులారా? ట్యాంకరు సందేశం మీది నాలుగును ప్రోగ్రాము పాత మందలో వెతికి, నీళ్లను గాలిగా చదివింది. ట్యాంకరు నిండితే తుపాను. జట్టు కడిగితేనే ట్యాంకరు తగ్గేది, తుపాను తగ్గితేనే జట్టు కడిగేది. శ్రావణి దిద్దకపోతే ఆ ఆడవాళ్లు ఇప్పటికీ ఆ ట్యాంకరు నీడనే కూర్చుని ఉండేవారు. చదివే ప్రోగ్రాముకు ఆమె గది పేరు చెప్పింది, అంతే. క్యాతగానచెర్లు ప్రశాంతంగా మారింది, అంటే ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. జట్టు పరుగున వరసల్లోకి దిగింది.

కాపలా గదిలోని అధికారులను వదలమని చెప్పడం మాత్రం నేను మరిచాను. నా జీవితంలో లోకానికి ఉపయోగపడిన మరపు అదొక్కటే. వాళ్లు చెమటతో తడిసి ముద్దై బయటపడి వచ్చేసరికి ఆఖరి వరస కూడా మెరుస్తోంది. ఇద్దరూ ప్యానెళ్లు చూడకముందే ట్యాంకరు కొళాయి కింద తలలు పెట్టారు. బ్రష్షు యంత్రం దగ్గర మొహం కడుక్కునే సౌకర్యం ఉండదని వాళ్లకు ఆ పూట అనుభవంలోకి వచ్చింది. జట్టు పని జట్టుకే ఉండిపోయింది.

సాయంత్రం లక్ష్మీదేవమ్మ కంట్రోల్ రూముకు వచ్చింది. శ్రావణి జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆ అమ్మాయికి పెద్దల పరువు మీద శ్రద్ధ తక్కువ. లక్ష్మీదేవమ్మ విని, నిదానంగా నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"గుర్తుండాదా సార్? చేను పార్కుకు లీజుకిచ్చేటప్పుడు మా భూమి పహణి కాయితం కోసరం నీ కాడికొచ్చినాను. మా చేని నంబరు చెప్తే ఏమన్నావు?"

నాకు గుర్తుంది. సర్వీసంతా రైతులందరికీ చెప్పిన మాటే అది. నేను చెప్పేలోపు ఆమే అందుకుంది.

"'ఆ నంబరు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, ఏ ఊరి నంబరు?' అని అందరి ముందరా గదమాయించి, తెలుసుకోని రేపు రాపో అన్నావు. నేను పొయ్యి మళ్లా వచ్చినాను." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇప్పుడు నువ్వు పొయ్యి రేపు రా సార్."

పోయాను.

కనుక ఈ పార్కులో అందరికీ పని ఇచ్చే సూర్యభగవానుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఊరి పేరు లేని అంకెను ఇకపై నమ్మను, రాయను, ఫోనులో పలకను. ఎవరైనా నా వయసు అడిగినా ఊరితో కలిపే చెబుతాను. ఇది నా ప్రతిజ్ఞ నంబరు ఒకటి. ఏ ఊరి ఒకటి అని మీరు గదమాయించకముందే చెబుతున్నాను: క్యాతగానచెర్లు ఒకటి.