పోటు నీళ్లలో కొలిచిన మెట్లు

రాజోలు దగ్గర పంచాయతీరాజ్ సెక్షన్‌లో నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. ఎక్కడ ఏం కావాలో చూసి, కొలిచి, కాగితం మీద పెట్టడం నా వంతు. ఎస్టిమేటైనా టెండరైనా ఆ కాగితాన్ని బట్టే నడిచేది. వివరంగా రాస్తానని పేరు, దానికి తగ్గ పొగరూ ఉండేవి.

మా అక్కను గోదావరి పాయకి అవతల లంకలో ఇచ్చారు. ప్రతి ఆదివారం పడవెక్కి మా ఇంటికి వచ్చేది. వాళ్ల రేవంతా బురదే. చెప్పులు చేత్తో పట్టుకుని, కుచ్చిళ్లు ఎత్తుకుని పడవ దాకా దిగేది. ఇంటికొస్తూనే మా ఆవిడ చేతిలో గరిటె లాక్కునేది. ఇక సాయంత్రం దాకా ఇల్లంతా అక్క గొంతే.

తొంభైల్లో ఆ రేవుకి మెట్లు మంజూరయ్యాయి. అక్క సంబరపడిపోయింది.

“ఒరే తమ్ముడూ, ఆటు వేళ వచ్చి కొలవరా. నీళ్లు లాగేసినప్పుడే తెలుస్తాది మా బాధ” అంది.

అలాగే అన్నాను. మార్చి నెల, ఫైలు పంపమని పైనుంచి ఒకటే తొందర. నాకు తీరిక దొరికిన పూట రేవు నిండా పోటు నీళ్లు. టేపు నీటి అంచు దాకా లాగి, పదకొండు మెట్లని రాసేశాను. ఆ ఏటి పక్కనే పుట్టి పెరిగినవాణ్ని, నీళ్లు దిగేదాకా కూర్చోలేకపోయాను.

కట్టాక ఆటులో చూస్తే, చివరి మెట్టు బురదకి నడుమెత్తున ఆగిపోయి ఉంది. మునుపు ఏటవాలుగానైనా దిగేవాళ్లు, ఇప్పుడు అదీ లేదు. కాంట్రాక్టరు మీద ఎగిరాను.

“మీరు రాసినట్టే కట్టేనండి. ఒక్కటైనా తగ్గిందేమో చూస్కోండి” అన్నాడు వినయంగా.

అక్క పోటు చూసుకుని వచ్చి, నీళ్లు లాగేసేలోపు వెళ్లిపోయేది. కొన్ని ఆదివారాలు కాఫీ తాగి లేచిపోయేది. కొన్నేళ్లకి మోకాళ్లు పట్టేసి ఆ రావడం కూడా మానేసింది. మా ఇల్లు బోసిపోయింది.

రెండు వేల సంవత్సరం దాటాక గానీ మిగతా మెట్లు రాలేదు. ఈసారి ఆటులో, బురదలో నిలబడి కొలిచాను. పని పూర్తయిన ఆదివారం నేనే లంకకి వెళ్లాను. చెయ్యి పట్టుకుని ఒక్కసారి ఆ మెట్లు దింపి మా ఇంటికి తీసుకురావాలని ఎంత ఆశపడ్డానో! అక్క మంచం మీంచి లేవలేకపోయింది.

“నా కోసం ఇంత కష్టపడి కట్టించేవు. నేనే రాలేకపోతన్నాను. ఏవనుకోకురా” అంది.