నాలుగులో నాలుగు పోతే

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఆ మాటకొస్తే మా కంపెనీ కస్టమర్లకిచ్చే హామీల మీద కూడా పెద్దగా లేదు. సెన్సార్లు బిగించి, అవి పంపే అంకెలు కంప్యూటర్లో కనపడేట్టు చేయడం నా పని. అంకె వస్తే నమ్ముతాను, రాకపోతే వైరు చూస్తాను. ఇంతకు మించిన వేదాంతం నాకు లేదు.

పోయిన ఎండాకాలం బేతంచెర్ల దగ్గర ఒక నాపరాయి గనికి వెళ్లాను. అది ఆ వారంలో నాలుగో ఊరు. గని పడమటి గోడకు నిలువునా బీట పడింది. బీటకు అటొకటి ఇటొకటి సెన్సార్లు పెట్టాం. గోడ ఎన్ని మిల్లీమీటర్లు ముందుకు జరిగిందో అవి చెబుతాయి.

ఇక మిగిలింది వర్చువల్ సెన్సార్. దానికి వైరుండదు, బ్యాటరీ ఉండదు, అసలు అదే ఉండదు. ఒక లెక్క, అంతే. ఒక సెన్సార్ అంకెలోంచి రెండోదాని అంకె తీసేసి, బీట ఎంత విచ్చుకుందో చూపిస్తుంది.

ఆ గనిలో అన్నం వేళను గడియారం నిర్ణయించదు. రెండు దాటితే పడమటి గోడ కింద నీడ పడుతుంది. మొత్తం గుంతలో నీడ అక్కడే. కూర్చోవద్దని బోర్డు పెట్టారు. బోర్డుకు నీడ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు కూడా పద్నాలుగు మంది జొన్నరొట్టెల మూటలు విప్పుకుని గోడ కిందే కూర్చున్నారు.

పైన రేకుల షెడ్డులో నేను లెక్క రాసి సేవ్ చేశాను. సెన్సార్లు రెండూ నాలుగు చూపిస్తున్నాయి. తేడా మాత్రం ఏడు.

లెక్క చెరిపి మళ్లీ రాశాను. ఏడే. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. తొమ్మిది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఫోన్ తీసి నాలుగులోంచి నాలుగు తీసి చూసుకున్నాను. సున్నా. కాస్త ధైర్యం వచ్చింది.

మేస్త్రి మస్తాన్ నా వెనక నిలబడి చూస్తున్నాడు.

“నాలుగులో నాలుగు పోతే తొమ్మిదా సారూ? యాడ సదివినావు?”

“ఏదో తప్పుందన్నా” అన్నాను. అంటుండగానే అది పదకొండయింది.

తప్పు నాదేనని అప్పటికీ అనుకుంటున్నాను. కానీ కింద మనుషులున్నారు. అందరినీ పైకి పిలిపించి, చివరికి లెక్క తప్పని తేలితే నవ్వులపాలవుతాను. అప్పటికే అలిసిపోయి ఉన్నాను, నవ్వినా పట్టించుకునే ఓపిక లేదు. “నేను సరిచేసేదాకా వాళ్లను పైకి రమ్మనన్నా” అన్నాను.

మస్తాన్ అంచుకు పోయి అరిచాడు. “ఏమప్పా! అందరూ పైకి రాండి, బిర్నా!”

“ఆడేముండాది మేస్త్రీ, నీ తలకాయా? నీడ ఈడుండాది!” బండలు మోసే లక్ష్మమ్మ కిందినుంచి కేకేసింది.

తిట్టుకుంటూనే ఎక్కారు. అందరికన్నా వెనక లక్ష్మమ్మ, చేతిలో సగం రొట్టెతో. పైకొచ్చి నన్ను ఎగాదిగా చూసింది. “నీ లెక్కలు పాడుగాను, ముద్దగూడా మింగనీవా సారూ?”

ఆమె ఆ రొట్టె తినడం పూర్తికాకముందే గోడ కూలింది. పెద్ద చప్పుడేం కాదు, లారీలోంచి బండలు దించినట్టు. దుమ్ము తగ్గాక చూస్తే నీడా లేదు, నీడపడే చోటూ లేదు. లక్ష్మమ్మ చేతిలో ముక్కను కింద పెట్టేసింది.

తర్వాత రికార్డు తీశాను. నిజం సెన్సార్లు గోడ కూలే క్షణం దాకా నాలుగు, నాలుగు. వర్చువల్ సెన్సార్ మొదటినుంచీ సున్నా. ఏడు, తొమ్మిది, పదకొండు ఎక్కడా లేవు. చూసింది మేమిద్దరమే.

స్క్రీన్ పాత అంకెలు చూపించి ఉంటుందని మా సీనియర్ తేల్చాడు. అంతకు ముందు ఆ సెన్సారే లేదు కదా, పాత అంకెలెక్కడివని అడిగాను. టీ తాగుదాం పద అన్నాడు.

ఇప్పుడు గనిలో ఇంకో గోడకు సెన్సార్లు పెట్టాం. రోజూ మనుషుల్ని దించేముందు మస్తాన్ ఫోన్ చేస్తాడు. “ఈపొద్దు ఎంత సూపిస్తాండాది సారూ?”

కంప్యూటర్లో సెన్సార్ పేజీ తెరిచి చూసి, సున్నా అంటాను. నాకు కనపడేది అదే. వాళ్లు దిగుతారు. వాళ్లు మళ్లీ పైకొచ్చేదాకా నేను ఆ పేజీ మూయలేను.