పత్తి మిల్లులో మా రంగుల కొట్టం

ఆ రోజుల్లో ఎవరైనా "ఏం పని చేస్తాండావప్పా?" అని అడిగితే, "మిల్లులో ఉండా" అని చెప్పేవాణ్ణి. అది పూర్తిగా అబద్ధం కాదు. ఆదోనిలో పత్తి మిల్లు ప్రహరీగోడ లోపల, ఒక మూలన ఉన్న రేకుల కొట్టంలో నేనూ మా బావా నూలుకు రంగులు వేసేవాళ్ళం. మిల్లుకూ మాకూ ఉన్న సంబంధం గోడకూ దాని మీది బల్లికీ ఉన్నంత. అయినా "మిల్లు" అన్న మాట వినగానే అవతలివాళ్ళ ముఖంలో కనిపించే మర్యాద నాకెంతో నచ్చేది. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. (రెండో ప్రపంచయుద్ధం రాకముందు మాట ఇది. ఆ వయసులో మర్యాద ఎవరికి చెందాల్సిందైనా సరే, అందినంత తీసుకోవాలనిపిస్తుంది.)

మాది నేతగాళ్ళ ఇల్లు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చోవడం నాకు చేతకాక రంగుల పని నేర్చుకున్నాను. మిల్లులో చేరాలన్న ఆలోచన మాత్రం మా బావది. "కట్టెలు కొని నీళ్ళు కాంచితే మనకేమీ మిగల్దురా. ఆడ ఇంజన్ను చల్లబరిచిన నీళ్ళు పొగలు కక్కుతా కాలవలో పోతాండాయి. పోయి రెడ్డిగారిని అడుగుదాం పా" అన్నాడు. మిల్లు యజమాని రెడ్డిగారికి మా కోరిక విని నవ్వొచ్చింది. "పారబోసే నీళ్ళేగదప్పా, తీసుకోండి. ఇంజన్ జోలికి మాత్రం రావద్దండి" అన్నాడు.

అలా పెద్ద మిల్లు నీడన చేరాక మా దశ తిరిగింది. పొయ్యి వెలిగించకుండానే వేడినీళ్ళు వచ్చేవి. వేసవిలో కూడా ఎండని బావి ఉంది. కాపలాకు మీసాల మనిషి ఉన్నాడు. మాకంటూ గడియారం లేకపోయినా మిల్లు కూత ఉంది. కూత కూస్తే చాలు, ఆకలి ఉన్నా లేకపోయినా నేను అన్నానికి లేచేవాణ్ణి. సాయంత్రం కూలీలందరితో కలిసి పెద్ద గేటులోంచి బయటికి వస్తూ, ఆ మిల్లంతా నేనే మూయించి వస్తున్నట్టు నడిచేవాణ్ణి. "ఆ నడకేందిరా, నడుం పట్టిందా?" అని బావ అడిగేవాడు.

మేం చేరినప్పుడు ఇంకా పత్తికాలం రాలేదు కాబట్టి మిల్లులో వేరుశనక్కాయలు ఒలిచే పని జరుగుతుండేది. ఆ సమయంలోనే నశ్యం తాత (ముక్కుపొడి డబ్బీ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు) పెళ్ళిచీరల అంచులకని ఎర్రరంగు వేయమని ఒక మోపు నూలు ఇచ్చాడు. పన్నెండు మగ్గాల ఆసామి. ఆయన మెచ్చితే మా వీధి వీధంతా మాకే నూలు ఇస్తుంది. మెచ్చకపోతే మళ్ళీ మగ్గం గుంతలో దిగాల్సిందేనని నాన్న ముందే చెప్పేశాడు.

రంగు అద్భుతంగా కుదిరింది. మందారపువ్వులా మెరిసిపోతున్న తడి చిలపలను, అంటే నూలు చుట్టలను, కొట్టం ముందరి దండేల మీద వరసగా ఆరేసి, బావను కాఫీకి పంపి, నేను చాప మీద కాసేపు నడుం వాల్చాను.

ఆ ఉదయమే ఆ ఏటి మొదటి పత్తిబండ్లు వచ్చాయని తెలుసు. గింజలు తీసే యంత్రాలు తిరగడం మొదలైందనీ తెలుసు. యంత్రాలు తిరిగితే దూది పొగమంచులా ఎగురుతుందని మాత్రం నాకు తట్టలేదు. లేచి చూసేసరికి మా ఎర్రనూలుకు తెల్లగా బొచ్చు మొలిచింది. కాఫీ తాగి వచ్చిన బావ ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. "ఇదేందిరా, గొర్రెల్ని ఆరేసినావా?"

ఇద్దరం కూర్చుని గోళ్ళతో గిల్లసాగాం. ఒక దూదిపోగు తీస్తే నాలుగు వచ్చి వాలేవి. రెడ్డిగారి దగ్గరికి పరుగెత్తాను.

"అయ్యా, ఒక్క గంట మిల్లు ఆపితే..."

ఆయన నన్ను తలనుంచి కాళ్ళదాకా చూశాడు. "మూలన చోటిస్తే మిల్లే ఆపమంటాండావా? మద్దేనం అన్నాలకు ఎట్లాగూ ఆపుతారు. అంతవరకు ఓర్చుకో పో!"

మధ్యాహ్నం యంత్రాలు ఆగాయి. పత్తి పనిచేసే ఆడవాళ్ళు సద్దిమూటలతో బయటికి వచ్చి మా అవస్థ చూసి పడీపడీ నవ్వారు. వాళ్ళకు పెద్దదిక్కయిన పెద్దక్క దగ్గరికొచ్చి, "తడిమీద గిల్లితే యాడ పోతాదప్పా? ఎండలో బాగా ఆరనీ, ఇదిలిస్తే అదే రాలిపోతాది" అంది. ఆ ఎండకు నూలు ఎంతసేపట్లో ఆరాలి! వాళ్ళు అన్నం తిని లేచేసరికి ఆరిపోయింది. పిలవకుండానే ముప్పైమంది తలా ఒక చిలప పట్టుకుని ఫటఫటా విదిలించసాగారు.

సరిగ్గా అప్పుడే నశ్యం తాత గేటులోంచి వచ్చాడు. నోరు తెరిచి చూస్తూ నిలబడ్డాడు.

"ముప్పైమందిని పెట్టి పని చేయిస్తాండావా! శానా పెద్ద కార్ఖానానే పెట్టినావే!"

నేను కాదనలేదు. చిన్నగా దగ్గి, తలపాగా సర్దుకున్నాను కూడా.

"ఈయప్ప మమ్మల్ని పెట్టుకునేదేంది తాతా!" అంటూ పెద్దక్క గట్టిగా నవ్వింది. "దూదిలో నూలు ఆరేసుకుని ఏడుస్తాంటే పాపమని వచ్చినాం."

భూమి చీలితే బాగుండుననిపించింది. తాత దగ్గరికొచ్చాడు. ఒక చిలప తీసి, బొటనవేలు తడి చేసి రుద్దాడు. వేలికి రంగు అంటలేదు. ఎండకు ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పాడు. తీరిగ్గా నశ్యం పీల్చి, తుమ్మి, అప్పుడు అన్నాడు: "రంగు బాగుండాది. నీ బుద్ధే ఇంకా ఆరల్యా. వచ్చే వారం ఇంకో రెండు మోపులు పంపిస్తా. అయితే ఒకటి, ఈడ ఉడకేసుకో, మా పెరట్లో ఆరేయి."

ఆ పత్తికాలమంతా మిల్లు వేడినీళ్ళలో రంగు వేసి, తడి నూలు తలకెత్తుకుని మూడు వీధులు దాటి తాత పెరటికి మోశాను. ఎంత పిండినా ఎర్రనీళ్ళు చెవుల మీదుగా కారి, చొక్కా భుజాలు నెత్తురోడినట్టు తడిసిపోయేవి. బజారులో జనం ఆగి మరీ చూసేవాళ్ళు. వాళ్ళు ఎందుకు చూసేవాళ్ళో ఇప్పుడు తెలుసు. అప్పటి ఆ ఇరవై రెండేళ్ళ కుర్రవాడికి తెలియదు. మిల్లు మనిషి వస్తున్నాడని చూస్తున్నారనుకుని, ఇంకొంచెం నిటారుగా నడిచేవాడు. ఇవాళ వాడు ఎదురొస్తే నేను నవ్వాపుకోలేను. ఆ తర్వాత మాత్రం పక్కకు జరిగి, వాడికి దారి ఇస్తాను.